పదకొండు పిడికెళ్ళు

అనగా అనగా, మబ్బులు గోడలకు ఆనుకుని అలుపు తీర్చుకునేంత ఎత్తున, ఏనుగుబోడు అనే కొండ మీద ఒక కోట ఉండేది. ఆ కోటలో ఏనుగుల సాల ఉంది, అద్దాల మేడ ఉంది, ఏడేళ్ళు తిన్నా తరగని జొన్నల కొట్టు ఉంది. లేనిదల్లా నీళ్ళే.

కొండంతా ఒకే బండ. ఎక్కడ తవ్వినా నిప్పురవ్వలు లేచాయి గాని నీటిచుక్క పడలేదు. అందుకని కొండ కింద ఊటబావిలో నీళ్ళు తోడి, మూడు వందల అరవై మెట్లెక్కి, మోతగాళ్ళు కోటకు తెచ్చి పోసేవాళ్ళు. వాళ్ళు రోజూ ఎక్కేవాళ్ళు, కోటవాళ్ళు రోజూ తాగేవాళ్ళు. రోజూ జరిగేదాన్ని వింత అని ఎవరంటారు? ఎవరూ అనలేదు.

మోతగాళ్ళకు పాతకాలం నుంచి ఒక కట్టుబాటు ఉంది. పొద్దు వాలే వేళకు కొట్టు దగ్గరకు వచ్చి, ఆ రోజు ఎన్ని కుండలు ఎక్కించారో అన్ని దోసిళ్ళ జొన్నలు తమ చేతులతోనే తోడుకునేవాళ్ళు. దాన్ని దోసిలి కూలి అనేవారు. పెద్ద చేతులవాడికి ఎక్కువ పోతోందని పూర్వం ఒకడు రాజుగారి తాతకు చాడీ చెప్పాడట. పెద్ద చేతులవాడికి ఆకలి కూడా పెద్దదేనోయ్ అని ఆ తాత నవ్వి ఊరుకున్నాడట. మంచి తాత.

ఆయన మనవడు తిప్పరాజు ఏలుతున్న కాలంలో దేశం మీద మహమ్మారి వచ్చి పడింది. పేరు లేని జ్వరం. ముట్టుకుంటే అంటుకుంటుంది, అంటుకుంటే గొంతు ఎండిపోతుంది. సంతలు సన్నగిల్లాయి, ధాన్యం బండ్లు దారిలోనే నిలిచిపోయాయి. ముప్ఫై మంది మోతగాళ్ళలో కొందరు జ్వరానికి పోయారు, కొందరు భయానికి పోయారు. పన్నెండు మంది మిగిలారు.

అప్పుడు జొన్నల కొట్టు చూసుకునే కొఠారి వల్లభయ్య రాజుతో ఒక మాట చెప్పాడు. అందరి చేతులూ ఒకే రాశిలో పడితే జ్వరం కూడా ఆ రాశిలోనే పడుతుంది, కాబట్టి ఇక మీదట జొన్నలు వద్దు, మనిషికి రోజుకొక కాసు ఇద్దాం, అదీ దూరం నుంచి పొడుగు గరిటెతో వేద్దాం అన్నాడు. ఒక్కొక్కరు రోజుకు నాలుగు కుండలు మోస్తారు. ఆ రోజు కింద సంతలో కాసుకు నాలుగు దోసిళ్ళ జొన్నలు వస్తున్నాయి. లెక్క సరిపోయింది. రాజు సరేనన్నాడు.

ఆ తరువాత సంతలో ఏం జరుగుతోందో కోటలో ఎవరికీ తెలియదు. వాళ్ళు తినేది కొట్టులోని జొన్నలు. కొట్టులో జొన్నలకు ధర ఉండదు కదా.

మూడు నెలలు గడిచాయి. జ్వరం కోట గోడ దూకింది. నలభై మంది మంచాన పడ్డారు. వాళ్ళలో రాజుగారి ఒక్కగానొక్క కూతురు, ఏడేళ్ళ నీలాంబిక కూడా ఉంది. వైద్యుడు రాజుకు ఉన్నమాట చెప్పేశాడు. ఈ జ్వరానికి తన మందు పావు వంతు, కాచిన నీళ్ళు ముప్పావు వంతు. గుటక గుటకగా పగలంతా పడుతూనే ఉండాలి. గొంతు ఎండిందా, ఆ తరువాత తన చేతిలో ఏమీ లేదు.

ఆ రోజు నుంచి తిప్పరాజు సింహాసనం మీద కూర్చోలేదు. కోట వాకిట్లో నీళ్ళ తొట్టి దగ్గర నిలబడ్డాడు. నిలబడి చూస్తే సాయంత్రానికి పొర్లి పారవలసిన తొట్టి సగానికి కూడా రావడం లేదు. వచ్చే కుండలన్నీ వెలితి కుండలే. కొన్ని బెత్తెడు వెలితి, కొన్ని సగానికి సగం వెలితి. నిండుగా వచ్చే కుండ ఒక్కటే. అది గురవమ్మ అనే మోతకత్తె నెత్తిన, రోగుల సాల కోసం వేరుగా వచ్చే కుండ. అంచు దాకా నిండి, చుక్క తొణక్కుండా వచ్చేది.

వల్లభయ్య వేలెత్తి చూపించాడు. ఆమెకూ ఒకటే కాసు, మిగతావాళ్ళకూ ఒకటే కాసు. ఆమె మోయగా లేనిది వాళ్ళకేం వచ్చింది? ఒళ్ళు వంగక పోవడమే గాని మరేం లేదని తేల్చేశాడు. ఆ మాట రాజుకు నిజమే అనిపించింది. ఎదురుగా నిండు కుండ కనబడుతుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది మరి.

మొదట రాజు భయపెట్టి చూశాడు. మెట్ల పొడుగునా బెత్తాలు పట్టుకుని భటులు నిలబడ్డారు. వెలితి కుండ కనబడితే అదిలించారు. మూడో రోజున ఒక మోతగాడు కళ్ళు తిరిగి మోకాళ్ళ మీద పడ్డాడు. వాడి కుండా పగిలింది, వెనకవాడి కుండా పగిలింది. తొట్టిలో నీళ్ళు ఇంకో జానెడు దిగాయి.

రెండోసారి ఆశపెట్టి చూశాడు. అందరి ముందూ గురవమ్మను పిలిచి, నిండు కుండకు కానుకగా బంగారు కడియం ఇస్తున్నానని, నిండుగా మోసినవాళ్ళందరికీ ఇలాగే ఇస్తానని చెప్పాడు. గురవమ్మ వాకిలి అవతలే నిలబడి దండం పెట్టింది. కడియం కేసి చూడనైనా లేదు.

"అది నాకొద్దు సామీ," అంది. "ఇయ్యాలనుకుంటే మా దోసిలి కూలి మళ్ళా ఇప్పించండి."

తిప్పరాజుకు అర్థం కాలేదు. ఇచ్చే కాసు తగ్గించలేదే, ఒక్క రోజైనా ఆపలేదే అన్నాడు. రాజుతో వాదులాడే అలవాటు గురవమ్మకు లేదు. పైగా ఇంకో కుండ మిగిలి ఉంది. తల మీద చుట్టకుదురు సర్దుకుని మెట్లు దిగిపోయింది. బంగారాన్ని కాదన్న మనిషిని రాజు అదే మొదటిసారి చూడటం. ఆ రాత్రి ఆయనకు అన్నం సహించలేదు.

మూడోసారి భయమూ కాదు, ఆశా కాదు. మర్నాడు నీలాంబిక పెదవులు పగిలి, మాట రాక, చేత్తో గొంతు చూపించింది. తిప్పరాజు చెప్పులు తొడుక్కుని, పల్లకి వద్దని, మెట్లు దిగడం మొదలుపెట్టాడు. వెనకాల వల్లభయ్య రొప్పుతూ రోజుతూ వచ్చాడు. పుట్టిన దగ్గర నుంచి రాజు ఆ మెట్లను పల్లకిలోంచే చూశాడు. పల్లకిలోంచి చూస్తే అవి అందంగా ఉంటాయి. కాలి కింద పడ్డాక ఒక్కొక్కటి మోకాలెత్తు ఉంది.

సగం దూరంలో, మెట్లు మలుపు తిరిగే చోట ఒక చట్టుబండ ఉంది. మిట్టమధ్యాహ్నం. పన్నెండు మందీ అక్కడ తిండికి ఆగారు. జ్వరానికి జడిసి మెట్టుకొకరు చొప్పున ఎడంగా కూర్చున్నారు. రాజు పై మలుపులో ఆగి, గోడ చాటు నుంచి చూశాడు.

ఒక్కొక్కరు మూట విప్పారు. ఒక్కొక్కరి మూటలో ఒక చిన్న సంగటి ముద్ద. అంతే. ఒక ముసలాయన లేచి తన ముద్దలోంచి పిడికెడు తీసి, బండ మీద పరిచిన మోదుగాకులో పెట్టి, వెనక్కి వచ్చాడు. తరువాత ఇంకొకడు లేచి పిడికెడు పెట్టాడు. మోకాలికి గుడ్డ కట్టుకున్నవాడు కుంటుకుంటూ వచ్చి పెట్టాడు. అలా పదకొండు మందీ పెట్టాక, గురవమ్మ వచ్చి ఆకు తీసుకుంది. తల దించుకుని తినసాగింది.

"చూశారా ప్రభూ," అని వల్లభయ్య రాజు చెవిలో గుసగుసలాడాడు. "సుంకం వసూలు చేస్తోంది. ఆ బలం ఎక్కడిదో తెలిసిందిగా."

రాజుకు ఒళ్ళు మండింది. గబగబా దిగి వాళ్ళ ముందు నిలబడి, నీరసించిన వాళ్ళ నోటి దగ్గర ముద్ద లాక్కోవడానికి సిగ్గు లేదా అని గురవమ్మను గద్దించాడు. ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

అందరికన్నా పెద్దవాడు, మొదట పిడికెడు పెట్టిన ఎర్రప్ప, లేచి దండం పెట్టాడు.

"ఆయమ్మ అడగలేదు దొరా. వద్దంటే మేమే ఒట్టేసి తినిపిస్తా ఉండాం. నిండు కుండ ఎత్తే సత్తువ మా పదకొండు మందిలో ఎవరికీ లేదు. తలా కొంచెం తింటే పన్నెండు కుండలూ వెలితే. మాలో ఒకరికన్నా కడుపునిండా పెడితే, రోగుల కుండ ఒక్కటైనా నిండుగా పోతాదని."

తిప్పరాజు మెట్ల మీద నిలబడ్డ పదకొండు మందినీ ఒక్కొక్కరినే చూశాడు. దవడలు లోపలికి పోయాయి, చేతులు పుల్లలయ్యాయి. ఇన్నాళ్ళుగా తన బిడ్డ గొంతు తడిపిన ప్రతి గుటకా వీళ్ళ నోటి దగ్గర తగ్గిన ముద్దేనని అప్పుడు తెలిసింది. ఒళ్ళు వంగనివాళ్ళంటూ తాను బెత్తాలతో భటులను నిలబెట్టింది వీళ్ళ మీదికే. రాజుకు వాళ్ళను చూస్తే భయం లాంటిది కలిగింది. గుడిలో గర్భగుడి ముందు కలిగే భయం లాంటిది.

రాజు ఎర్రప్పను ముందురోజు కూలి కాసు ఇమ్మని అడిగి తీసుకున్నాడు. అతన్నీ వల్లభయ్యనూ వెంటబెట్టుకుని మిగతా మెట్లు కూడా దిగి సంతకు వెళ్ళాడు. సంతలో ఒక్కటే బండి ఉంది. జొన్నలమ్మే ముసలమ్మ ముందు కాసు పెట్టి, రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు. ఆమె పోసిన జొన్నలతో దోసిలి నిండలేదు. వేళ్ళ సందుల్లోంచి నేల కనబడుతూనే ఉంది.

ఇంతేనా అని అడిగాడు రాజు. ఇంతేనయ్యా అంది ముసలమ్మ. పది బండ్లు వచ్చే చోటికి ఒక్క బండి వస్తుంటే ఇంతకన్నా ఎక్కడి నుంచి తేను, నా ఇంట్లోనూ పొయ్యి రోజుకొకసారే అంటుకుంటోంది అని చెప్పింది. ఆమెకు తాను మాట్లాడేది రాజుతో అని తెలియదు. తెలిసినా అంతే చెప్పేదేమో.

ఆ వెలితి దోసిలి వల్లభయ్యకు చూపించాడు రాజు.

"కాసు తగ్గలేదయ్యా," అన్నాడు. "కాసులో ఉన్న అన్నం తగ్గిపోయింది. మనం పైన కూర్చుని కాసునే చూశాం."

జొన్నలు ఎర్రప్పకు ఇచ్చి, పైకి ఎక్కడం మొదలుపెట్టాడు. ఉత్త చేతులతో ఎక్కుతున్నా నూరో మెట్టు దగ్గర ఒకసారి, నూటయాభయ్యో మెట్టు దగ్గర ఒకసారి కూలబడ్డాడు. మూడోసారి కూలబడినప్పుడు వెనక నుంచి గురవమ్మ వచ్చింది. నెత్తి మీద రోగుల కుండ అంచు దాకా నిండి ఉంది. మెడ నరాలు తాళ్ళలా బిగిసి ఉన్నాయి. కాలు పెట్టిన చోట పాదం కదలడం లేదు, కుండలో నీళ్ళు కదలడం లేదు. తిప్పరాజు లేచి గోడకు ఒత్తిగిలి ఆమెకు దారి ఇచ్చాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏనుగుబోడు రాజులు ఎవరికీ తలపాగా తీసి ఎరగరు. మెట్ల మీది భటులు బెత్తాలు కింద పెట్టేశారు.

పైకి రాగానే కొట్టు తలుపులు తీయించాడు. చేతులు పడితే రాశి చెడుతుందన్నది నిజమే కాబట్టి, ఒక్క రాశిని పన్నెండు రాశులు చేయించాడు. ఎవరి రాశి వాళ్ళది, ఎవరి దోసిలి వాళ్ళది. పక్కన కాగిన నీళ్ళతో చేతులు కడుక్కునే ఏర్పాటు. ఇంత చిన్న ఉపాయం మూడు నెలల కిందట ఎవరికీ తట్టలేదు, తట్టవలసిన అవసరం పైవాళ్ళకు కలగలేదు గనక. కిందటి మూడు నెలల వెలితి కూడా దోసిళ్ళలోనే తీర్చమన్నాడు. బండ్లు మళ్ళీ తిరిగేదాకా సంతలోని ముసలమ్మ ఇంటికీ కొట్టు నుంచే పంపమన్నాడు.

వల్లభయ్య చేతులు నలుపుకుంటూ, కరువు కాలంలో ఏలినవారు కూలి ఇంతగా పెంచితే కొట్టు ఏమవుతుందని అడిగాడు.

"పెంచడం ఏమిటి?" అన్నాడు తిప్పరాజు. "తెలియక లాక్కున్నది తిరిగి పెడుతున్నాను. కొట్టు నిండుగా ఉండి తొట్టి ఎండితే నా బిడ్డ జొన్నలు తాగి బతుకుతుందా?"

వల్లభయ్య చెడ్డవాడేం కాడు. నిండు కొట్టును చూసి మురిసిపోయే మనిషి, అంతే.

నాలుగు రోజులు కడుపునిండా తిన్నారు. అయిదో రోజు పొద్దున రాజు వాకిట్లో నిలబడి చూస్తుండగా మలుపు తిరిగి మొదటి కుండ కనబడింది, నిండుగా. దాని వెనక రెండోది, మూడోది. ఎర్రప్ప కుండా నిండుగానే ఉంది. కుంటుతున్నవాడి కుండా నిండుగానే ఉంది. పన్నెండు కుండల్లో పన్నెండు సూర్యుళ్ళు తళతళలాడుతూ కొండెక్కి వచ్చారు. కోటలో లేవగలిగినవాళ్ళంతా గోడల మీదకు వచ్చి నోరు తెరుచుకుని చూశారు. పుట్టిన దగ్గర నుంచి రోజూ చూస్తున్నదే. ఆ రోజే చూశారు.

సాయంత్రానికి తొట్టి పొర్లింది. నీలాంబిక రాత్రికి గిన్నెడు నీళ్ళు తనంతట తానే పట్టుకుని తాగింది. వారానికి లేచి కూర్చుంది. ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి నాన్నా అని అడిగింది. తిప్పరాజు కూతుర్ని ఎత్తుకుని మెట్ల దాకా తీసుకువెళ్ళి, దూరం నుంచే ఒక్కొక్కరినీ పేరు పెట్టి చూపించాడు. అప్పటికి ఆయనకు పన్నెండు పేర్లూ నోటికి వచ్చాయి.

కాబట్టి పిల్లలూ, కుండలో వెలితి కనబడిన రోజున, ముందు మోసేవాడి కంచంలో వెలితి ఎంతో చూడాలి.