ఉండ చుట్టుకునే అలుగు

చెదపుట్టలతో నిండిన ఎర్రదిబ్బ మీద ఒకప్పుడు ఎటు చూసినా అలుగులే. ఒంటినిండా పెంకులు, బారెడు నాలుక, చీమల్నీ చెదల్నీ తప్ప ఎవరి జోలికీ పోని స్వభావం. ఇప్పుడు మిగిలింది పొలమ్మ ఒక్కతే, తోక మీద ఎక్కించుకు తిరిగే పిల్లతో.

ఓ పొద్దున నక్క వచ్చి ఎంతో ఆప్యాయంగా కుశలం అడిగింది. ఈ మధ్య ఏ బొరియలో పడుకుంటున్నావని ఆరా తీసింది. పలకరించేవాళ్ళే కరువైన పొలమ్మ మురిసిపోయి చోటు చూపించేసింది.

పక్కనే ఉండే ఏదుపంది ఈ సంగతి విని ఉలిక్కిపడింది. ఆ నక్క వేటగాడి వెనకాలే తిరిగి ఎముకలు కొరుక్కోవడం అది చాలాసార్లు చూసింది.

"ఆ వేటగాడొస్తే ఏం చేస్తావే పొలమ్మా?"

"ఏముంది మామా, ఉండ చుట్టుకుంటా. చిరుతపులే నన్ను దొర్లించి దొర్లించి విసిగిపోయింది. మా అమ్మా అదే చేసేది, మా అక్కలూ అదే చేసేవాళ్ళు."

"మరి వాళ్ళేరీ?"

అక్కలు వేరే దిబ్బకి కాపురం మార్చారని ఇన్నాళ్ళూ పొలమ్మ తనకి తనే చెప్పుకుంటూ వచ్చింది.

"చిరుతకైతే నువ్వు రాయివి. మనిషికి మూటవి. ఆ మూట కూడా నువ్వే కట్టి చేతికిస్తున్నావు," అంది ఏదుపంది.

పొలమ్మ పిల్లని పొట్ట కిందికి లాక్కుంది. ఆ సాయంత్రమే పొలమ్మా ఏదుపందీ బొరియలు మార్చుకున్నారు.

మర్నాడు నక్క దారి చూపిస్తుంటే వేటగాడు గోనెసంచీతో వచ్చాడు. నేల మీద బోర్లా పడుకుని బొరియలోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. లోపల ఏదుపంది ముళ్ళు నిక్కబొడుచుకుని, అటు తిరిగి, ఒక్కసారి వెనక్కి జరిగింది.

వాడు పెట్టిన కేకకి చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. అది సంతోషమనుకున్న నక్క, తన వాటా కోసం తోకాడిస్తూ దగ్గరికొచ్చింది. చేతికర్రతో వాడు ఇచ్చిన వాటా తిని, కుంటుకుంటూ పరిగెత్తింది. ఎర్రదిబ్బ మీద అలుగులు అయిపోయాయనీ, ఉన్నవన్నీ ముళ్ళేననీ వేటగాడు తనవాళ్ళకి చెప్పి, మళ్ళీ ఇటు రాలేదు.

కొన్నాళ్ళకి నక్క ఉండబట్టలేక అడిగింది. "ఆ బొరియ అలుగుది కదా మామా?"

"అవును. నువ్వంత శ్రద్ధగా చూసెళ్ళాక నాకూ ఆ ఇల్లు నచ్చింది," అంది ఏదుపంది.

పొలమ్మ మాత్రం పిల్లకి ముందుగా నేర్పింది ఒక్కటే. మనిషి వాసన తగిలితే ఉండ చుట్టుకోకు, బొరియలోపలికంటా పోయి మట్టితో దారి మూసెయ్యి అని.

శత్రువు మారాక కూడా పాత ఉపాయాన్నే పట్టుకుని కూర్చుంటే, అదే మనల్ని పట్టిస్తుంది.