కొవ్వు పట్టిన పిల్ల

సన్యాసిదాసు గారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు. చిడతలు పక్కన పెట్టి, ఓడ కబురొకటి ఎత్తుకుంటారు. హరికథల్లోకి రాకముందు ఆయన విశాఖ రేవులో ఓడలెక్కిన కలాసీ. అడిగిందొకటీ చెప్పేదొకటీ అని కొత్త శిష్యులు తల పట్టుకుంటారు గానీ, పాతవాళ్ళు కిక్కురుమనకుండా వింటారు.

నూకరత్నం పాతదే. అయినా ఆ పొద్దున నోరు ఆపుకోలేకపోయింది. సాయంత్రం నరసన్నపేటలో మొట్టమొదటిసారి తాను సొంతంగా కథ చెప్పాలి. గురువు వెనకాల కూర్చుంటారన్న ధైర్యంతోనే ఒప్పుకుంది. తీరా ప్రయాణం వేళకి "నేను రాను, నువ్వెళ్ళు" అనేశారాయన. ఇవాళ తడబడిందంటే మళ్ళీ పిలిచే నాథుడుండడు. తిరిగి పలాస పోయి జీడిపిక్కలు కొట్టుకోవడమే.

"నా మీద కోపమొచ్చిందా, గురువుగారూ? మీరు లేకపోతే నా గొంతు వణికిపోద్ది. ఇలా నడిసంద్రంలో ఒగ్గేస్తే నానేటయిపోవాలి?" అంది. దుఃఖమూ, ఉక్రోషమూ రెండూ ఆగలేదు ఆమెకి.

"సంద్రమంటే గుర్తొచ్చింది," అన్నారు దాసుగారు.

చచ్చాం, అనుకుంది నూకరత్నం. అనుకుని, కూర్చుంది.

ఉత్తరాన మంచు సముద్రంలో వాళ్ళ ఓడ ఒకసారి చిక్కడిపోయిందట. చుట్టూ మంచు. ఆ మంచు మీద సీల్ అనే సముద్రపు జంతువొకటి పిల్లని కని, నీళ్ళలోకి వెళ్ళింది. తెల్లటి బొచ్చుతో పిల్ల ఒంటరిగా ఏడుస్తోంది. ఓడలో అప్పలకొండ అని భీమిలి జాలరి ఉన్నాడు. ఒడ్డున పడి కొట్టుకునే ప్రాణిని నీళ్ళలోకి తోసి దండం పెట్టడం వాళ్ళ పేట ఆచారం. పాపం, మంచి మనసుతోనే పరుగెత్తి, "గంగమ్మతల్లీ, నీ బిడ్డని నువ్వే చూసుకో!" అని దాన్ని నీళ్ళలోకి తోసేశాడు.

బొచ్చు తడిసి ఒంటికి అంటుకుపోయింది. పిల్ల గజగజా వణికిపోయింది. కలాసీల పెద్ద, ముసలి సరంగు వల వేసి లాగకపోతే అక్కడే ప్రాణం పోయేది. "ఓరి దద్దమ్మా! నీళ్ళలో బతకాల్సిందైతే మాత్రం, పుట్టగానే నీళ్ళకి ఓర్చుకుంటాదా? ఆ బొచ్చు గాలికి కాస్తాది గానీ నీళ్ళకి కాయదు," అని సరంగు నాలుగు తిట్టాడు.

తల్లి తిరిగొచ్చి పాలిచ్చింది. మీగడకంటే చిక్కటి పాలు. తాగిన కొద్దీ పిల్ల కడవలా గుండ్రంగా తయారైంది, ఇచ్చిన కొద్దీ తల్లి చిక్కిపోయింది. ఒకనాడు ఆ తల్లి నీళ్ళలోకి దిగి, ఇక రాలేదు.

"కన్నతల్లా, రాకాసా!" అని అప్పలకొండ ఏడ్చాడు. చేపలు విసిరితే పిల్ల ముట్టలేదు. పైగా ఆ తెల్లబొచ్చు కూడా కుచ్చులు కుచ్చులుగా ఊడిపోసాగింది. ఉన్న దుప్పటీ పోయింది, ఇక చస్తుందని తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

నూకరత్నం ఉండబట్టలేక, "చచ్చిపోయిందా?" అని అడిగేసింది.

ఒక మధ్యాహ్నం అది పాక్కుంటూ అంచుదాకా వెళ్ళి, తనంతట తానే నీళ్ళలో పడిందట. అప్పలకొండ వల పట్టుకుని పరుగెత్తాడు. పిల్ల తల పైకెత్తి, వాడి మొహాన బుస్సున ఊపిరి వదిలి, మళ్ళీ మునిగింది. వణుకన్నదే లేదు.

"బొచ్చున్నప్పుడు వణికింది, ఊడిపోయాక వణకదేటి?" అని వాడు తెల్లబోయాడు.

"తాగిన పాలు ఎక్కడికి పోతాయిరా? కొవ్వు పట్టింది!" అన్నాడు సరంగు.

నూకరత్నం ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, చిడతలు సంచిలో పెట్టుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మీరు లేకుండా నానొక్కదాన్నే పోతే, కొవ్వు పట్టిందని నన్నూ అంటారు, గురువుగారూ."

"అననియ్యమ్మా," అన్నారు దాసుగారు. "ఇన్నేళ్ళూ నేను చిక్కిపోయింది మరి దేనికనుకున్నావు?"