పేరు పెట్టని బటన్

కాకినాడలో ఫోన్ యాప్‌లు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో రవళి అనే అమ్మాయి పనిచేసేది. పనిలో ఆమెకు మహా చురుకు, కానీ దేనికీ సరైన పేరు పెట్టే ఓపిక మాత్రం ఉండేది కాదు.

ఫోన్ తెర మీద కనిపించే ప్రతి బటన్‌కూ ముందుగా కోడ్‌లో, అంటే ఫోన్‌కు రాసే ఆదేశాల్లో, ఒక పేరు పెట్టాలి. తర్వాత ఏం చేయాలన్నా ఆ పేరుతోనే దాన్ని పిలవాలి. రవళి బి1, బి2, బి3 అని రాసుకుంటూ పోయేది. పక్క సీట్లో కూర్చునే ఇలియాస్ ఆమెకంటే పెద్దవాడు. ఏది దేనికో తెలిసేలా పేర్లు పెట్టమని ఎన్నోసార్లు చెప్పాడు. ఫోన్‌కు ఏ పేరైనా ఒకటే కదన్నా అని ఆమె నవ్వేసేది.

రవళి పెదనాన్న భీమేశ్వరరావుకు ఆ ఏడు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చిన్నప్పుడు తనను భుజాల మీద ఎక్కించుకుని సముద్రం చూపించిన మనిషి అలా మూగగా కూర్చోవడం ఆమె చూడలేకపోయింది. ఆయన కోసం ఒక యాప్ చేసింది. బొమ్మ ఉన్న బటన్ నొక్కితే చాలు, రవళి గొంతుతో ఫోన్ మాట్లాడుతుంది. నీళ్లు కావాలి, టీవీ పెట్టు, నొప్పిగా ఉంది, ఇలా ఆయనకు కావలసిన మాటలన్నీ అందులో ఉన్నాయి. పెద్దమ్మ మాణిక్యం వీధిలో అందరికీ చూపించి మురిసిపోయింది.

కొన్నాళ్లకు పెద్దమ్మ ఫోన్ చేసింది. టీవీ పెట్టమంటే ఏం పెట్టాలో తెలియడం లేదని, ఆయన చూసేవి వార్తలే కాబట్టి ఆ మాటే చెప్పేలా మార్చమని అడిగింది. రవళి కొత్త మాట రికార్డు చేసింది. టీవీ బటన్ బి4 అని గుర్తు. కోడ్ తెరిచి సరిచూసే తీరిక లేక, దానికే తగిలించి పంపేసింది.

ఒక మధ్యాహ్నం వంటింట్లో ఉన్న పెద్దమ్మకు "వార్తలు పెట్టు" అని వినిపించింది. వచ్చి పెట్టింది. మళ్లీ అదే మాట. ఛానల్ మార్చింది. మళ్లీ అదే మాట. "పొయ్యి మీద కూర మాడిపోతోందండీ, ఎన్నిసార్లు పెట్టమంటారు?" అని విసుక్కుంది. ఆయన ఫోన్‌ను విసిరికొట్టాడు. అప్పుడు ఆమె ఆయన ముఖం చూసింది. ఒళ్లంతా చెమట. చెయ్యి పొట్టను గట్టిగా పట్టుకుని ఉంది.

పక్కింటివాళ్ల సాయంతో ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. మూత్రపిండంలో రాయి అడ్డుపడిందని, ఇంకా ఆలస్యమైతే ప్రమాదమయ్యేదని డాక్టర్ అన్నారు. పరుగున వచ్చిన రవళి, పెద్దమ్మ చెప్పింది విని ఫోన్ చేతిలోకి తీసుకుంది. నొప్పి బొమ్మ నొక్కింది. తన గొంతే హాయిగా "వార్తలు పెట్టు" అంది.

ఆఫీసుకు వెళ్లి ఇలియాస్ ముందు కోడ్ పెట్టింది. ఆయన తిట్టలేదు.

"బి4 అంటే ఏది రవళీ?" అని మెల్లగా అడిగాడు.

"టీవీది అనుకున్నానన్నా, చూస్తే నొప్పిది. రాసింది నేనే, అయినా గుర్తులేదు."

ఇద్దరూ కూర్చుని ప్రతి బటన్‌కూ అది చేసే పని పేరే పెట్టారు. నొప్పి బటన్‌కు నొప్పి అని, టీవీ బటన్‌కు టీవీ అని. ఒక్కొక్కటీ నొక్కి విన్నారు.

మర్నాడు ఆసుపత్రిలో పెదనాన్న మంచం అంచున కూర్చుని, తప్పు తనదేనని రవళి చెప్పింది. "మీరు సరిగ్గానే చెప్పారు పెదనాన్నా. మీ మాట నేను మార్చేశాను" అని ఏడ్చింది. ఆయన పనిచేసే ఎడమచేత్తో ఆమె చెంప తుడిచాడు. తర్వాత, ఆ రోజు ఆయన మీద విసుక్కున్నందుకు తల వంచుకుని నిలబడ్డ మాణిక్యం చెయ్యి కూడా దగ్గరికి లాక్కున్నాడు.

నీతి: ఈ రోజుకు పని జరిగితే చాలనుకోకూడదు. రేపు చూసినా, మరొకరు చూసినా అర్థమయ్యేలా ప్రతిదానికీ తగిన పేరు పెట్టేవారి పనినే నమ్ముకోవచ్చు.