దేముడమ్మ చేతి గుల్లల చారు

అనగనగా సముద్రం పక్కన ఓ ఊరు. ఆ ఊళ్ళో దేముడమ్మ అని ఒకావిడ. ఏరు సముద్రంలో కలిసే చోట మోకాలి లోతు నీళ్ళలో దిగి, గుల్లలు ఏరి అమ్ముకునేది. గుల్లలంటే తెలుసుగా? రెండు చిప్పలు, మధ్యలో మెత్తటి కండ. మొన్న నాకు ఒక్కటీ మిగల్చకుండా తిన్నావే, అవే. ఊఁ కొట్టు మరి, కొట్టకపోతే చెప్పను.

దేముడమ్మకి ఒక్కతే కూతురు, నూకరత్నం. ఆ పిల్లకి మగబిడ్డ పుట్టాడు. ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. బాలింతకి పాలు పడాలని, తల్లి తన చేత్తో గుల్లల చారు కాచి పోస్తుంది. ఇంట్లో ఇంకెవరూ ముట్టకముందే మొదటి గిన్నె బాలింతదే.

ఆ చారు కోసం గుల్లలేరిన రోజు నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. దేముడమ్మ చూసింది. చూసి కూడా, బాగా మరిగిస్తే ఏదున్నా పోతుందిలే అనుకుంది. అక్కడే పొరపాటు పడింది పిచ్చితల్లి.

చారు తాగిన కాసేపటికి నూకరత్నం పెదాలు తిమ్మిరెక్కాయి. ఆ తర్వాత నాలుక మొద్దుబారింది. ఆ తర్వాత బిడ్డని ఎత్తుకునే బలం కూడా లేకపోయింది. మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగో రోజుకి లేచి కూర్చుంది, అమ్మయ్య!

కానీ ఊరు ఊరుకుంటుందా? "దేముడమ్మ సెయ్యే ఇసం. ఆ సేత్తో బాలింతకి పెట్టనీకండి" అన్నారు. పక్కింటివాళ్ళే వండి తెచ్చి పెట్టారు. కన్నకూతురికి అన్నం పెట్టలేక దేముడమ్మ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది.

అప్పుడు ఊరి పెద్ద, "ఏటి మొగలో గుల్లలుండే దిబ్బంతా తవ్వి సున్నం బట్టీలో ఎయ్యండి" అన్నాడు. అందరికంటే ముందు గునపం పట్టుకుని దేముడమ్మే వెళ్ళింది. అంత కోపం!

గునపం ఎత్తగానే ఓ ముసలి గుల్ల నోరు తెరిచింది. "ఆగమ్మా! ఇసం నాను సెయ్యనేదు. నాకు నీళ్ళు తాగడమే తెలుసు. నీళ్ళనడుగు" అంది.

అప్పుడు దేముడమ్మ నీళ్ళనడిగింది. "నాదీ కాదు. నాలో తేలే ఎర్ర నలుసునడుగు" అన్నాయి నీళ్ళు.

అప్పుడు నలుసునడిగింది. అది కంటికి ఆనదు, గొంతు మాత్రమే వినపడింది. "నానే సేసినాను. నాకు సిప్ప నేదు, రెక్క నేదు, పారిపోడానికి కాళ్ళు నేవు. అందరూ నన్ను మింగేవోళ్ళే. పేణం కాపాడుకోడానికి ఓ సుక్క ఇసం సేసుకున్నాను. గుల్ల నన్ను మింగింది, దానికేటీ కానేదు. అది నీ కూతురు దాకా ఎల్తాదని నాకేటి తెలుసు?" అంది.

దేముడమ్మ గునపం దించేసింది. "మరి ఆ ఇసం ఎలా పోతాది?" అని గుల్లనే అడిగింది. "నీళ్ళు తేటపడితే, తాగి తాగి నన్ను నానే కడుక్కుంటాను. కాస్త గడువియ్యి" అంది గుల్ల.

దేముడమ్మ ఊరి మధ్యలో నిలబడి, "దెబ్బ తగిలింది నా బిడ్డకి. నానే ఆగుతానంటన్నాను, మీకేటి తొందర?" అంది. ఊరివాళ్ళు సరేనన్నారు. మూడు పున్నములు గడువిచ్చారు.

మొదటి పున్నమికి నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. రెండో పున్నమికి తేటపడ్డాయి, కానీ గుల్లలు తినడానికి దిబ్బ మీదికొచ్చిన నీటిపిల్లి ఒకదాన్ని కొరికి ఉమ్మేసి పోయింది. విషం ఇంకా పోలేదని దేముడమ్మ నీళ్ళలోకి గంప దించలేదు. మూడో పున్నమికి నీటిపిల్లి పిల్లలతో సహా వచ్చి తిన్నది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది.

అప్పుడు దేముడమ్మ గుల్లలేరి చారు కాచింది. ముందు తనే తాగింది. ఆనవాయితీ తప్పావని ఊళ్ళో వాళ్ళు అరిచినా వినలేదు. ఆ రోజంతా గడిచింది, ఏమీ కాలేదు. మర్నాడు మళ్ళీ కాచింది. గిన్నె కూతురి ముందు దాకా చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

నూకరత్నం ఆ చేతులు పట్టుకుంది. "ఇసం గుల్లది కాదు. నీ సేతిది అసలే కాదే అమ్మా. పొయ్యి, ఆకలేస్తంది" అంది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో నీళ్ళు ఎర్రబడితే ఎవరూ గంప దించరు. గుల్లల్ని తిట్టరు, తవ్వరు, ఆగుతారు. చారు కాచిన తల్లే మొదటి గిన్నె తాగుతుంది.

ఎర్ర నీరు కడలికి,
తేట నీరు గుల్లకి,
కథేమో కంచికి,
నువ్వేమో నా ఒళ్ళోకి.