ఆగ్నేయానికి వెళ్ళిన వైఫై డబ్బా

కాకినాడలో ఉండే కామేశం మంచివాడే గానీ, ఇంట్లో ఏది పాడైనా అది ఎవరి వల్ల పాడైందో ముందు తేల్చి, బాగుచేసే సంగతి ఆ తర్వాత చూసేవాడు. ఆ తేల్చడంలో తన పేరు మాత్రం ఎప్పుడూ బయటికి వచ్చేది కాదు.

ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడే తల్లి పోతే తనను పెంచి పెద్దచేసిన అక్క భ్రమరాంబతో కలిసి ఉండేవాడు. రెండేళ్ళ కిందట ఆవిడకు పక్షవాతం వచ్చింది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగేది గానీ కుడి చెయ్యి పైకి లేచేది కాదు. ఎడమ చేతిలో కర్ర ఉండేది. ఇంక స్విచ్చి ఏ చేత్తో వేస్తుంది? మాట కూడా కాస్త ముద్దగా వచ్చేది.

అక్క అవస్థ చూడలేక కామేశం ఆవిడ గదిలోనూ బాత్‌రూములోనూ వైఫైతో పనిచేసే లైట్లు పెట్టించాడు. మంచం పక్కన స్టూలు మీద ఒక చిన్న స్పీకరు పెట్టాడు. "లైటు వెయ్యి" అంటే అది వేసేది. మొదటిసారి లైటు వెలగగానే భ్రమరాంబ కళ్ళు తుడుచుకుంది. అప్పటి నుంచి వెలిగిన ప్రతిసారీ "చల్లగా ఉండు తల్లీ" అని స్పీకరును దీవించేది.

"యంత్రానికి దీవెనలెందుకక్కా?" అని కామేశం నవ్వాడు.

"మేలు చేసినవాళ్ళకి ఓ మంచి మాట చెప్తే నోరు అరిగిపోతుందేమిట్రా?" అంది భ్రమరాంబ.

ఒకరోజు కామేశం స్నేహితుడు పేరయ్య కాఫీకి వచ్చాడు. వాస్తు తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. హాల్లో గోడకున్న వైఫై డబ్బాను చూసి కప్పు కింద పెట్టేశాడు.

"కరెంటుతో నడిచే వస్తువు ఈశాన్యంలో పెట్టావేమిటోయ్? అగ్నికి సంబంధించినవన్నీ ఆగ్నేయంలో ఉండాలి" అన్నాడు.

పేరయ్య గుమ్మం దాటగానే కామేశం పనిలో పడ్డాడు. పొడుగాటి వైరు తెచ్చాడు. డబ్బాను ఆగ్నేయంలో ఉన్న వంటింట్లోకి మార్చాడు. ఎండా తడీ తగలకూడదని స్టీలు అల్మరాలో, బియ్యం డబ్బా వెనకాల పెట్టి తలుపు మూశాడు. ఫోను తీసి చూస్తే వంటింట్లో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. తృప్తిగా చేతులు దులుపుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి భ్రమరాంబ గదిలో లైటు మొండికేసింది. పదిసార్లు అడిగితే ఒకసారి వెలిగేది. కామేశం వెంటనే కారణం తేల్చడానికి కూర్చున్నాడు. ముందు దొరికింది ఇంట్లో పనిచేసే నూకరత్నం.

"స్పీకరును తడిగుడ్డ పెట్టి తుడిచావు కదూ?" అని గద్దించాడు.

"లేదండి, పొడిగుడ్డేనండి" అంది నూకరత్నం. ఆ మాట ఆయన చెవికెక్కలేదు.

తర్వాత లైట్ల కంపెనీకి ఫోను చేశాడు. అవతల అమ్మాయి మర్యాదగా, "మీ రూటర్ ఎక్కడుందండీ?" అని అడిగింది.

"ఉండాల్సిన చోటే ఉంది. ముప్పై ఏళ్ళు టెలిఫోన్లలో పనిచేసినవాణ్ణి, నాకు చెప్తావా?" అని పెట్టేశాడు. లైట్లు విప్పాడు, బిగించాడు. ఫోనులోంచి తీసేసి మళ్ళీ కలపబోయాడు. ఒకటి కలిస్తే ఇంకోటి కలవలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు సరుకే నాసిరకం అన్నాడు.

మూడో రోజు విసుగొచ్చి తనే స్పీకరు ముందు నిలబడి "లైటు వెయ్యి" అన్నాడు. ఆయన అదృష్టం, అప్పుడు వెలిగింది. అంతే, కారణం దొరికిపోయిందనుకున్నాడు.

"నీ మాట ముద్దగా వస్తోందక్కా. దానికి అర్థం కావడం లేదు. కాస్త స్పష్టంగా పలకాలి" అన్నాడు.

ఆ రోజు నుంచి భ్రమరాంబ బాత్‌రూముకి వెళ్ళాల్సినప్పుడల్లా తమ్ముణ్ణి పిలిచింది. మొదట్లో పరుగెత్తుకొచ్చినవాడు రెండు రోజులకే "మళ్ళీనా?" అన్నాడు. ఆ తర్వాత ఆవిడ పిలవడం తగ్గించేసింది.

పదో రోజు సాయంత్రం భ్రమరాంబ కళ్ళు తిరిగి మంచం మీద ఒరిగిపోయింది. డాక్టరు వచ్చి చూసి, "ఒంట్లో నీళ్ళు లేవు. బాగా తాగించండి. ఇలాగే ఉంటే మళ్ళీ ప్రమాదం" అని చెప్పి వెళ్ళాడు. కామేశం పాత అలవాటు ఎక్కడికి పోతుంది?

"నూకరత్నం, నువ్వు అక్కకి నీళ్ళు పెట్టడం లేదా?" అన్నాడు.

ఈసారి నూకరత్నం తల దించుకోలేదు. "సీసా నిండా పోసి పెడతన్నానండి. మర్నాడు వచ్చేసరికి నిండుగానే ఉంటందండి. నీళ్ళు తాగితే బాత్‌రూముకి వెళ్ళాలి, లైటు కోసం మిమ్మల్ని పిలవాలి, మీరు విసుక్కుంటారు. అందుకని తాగడం మానేశారండి."

కామేశం గుమ్మంలోంచి తొంగి చూస్తే స్టూలు మీద సీసా నిండుగానే ఉంది.

"ఇంకోటి కూడా చెప్తానండి. అమ్మగారి కాళ్ళకి నూనె రాసేటప్పుడు నా ఫోన్లో దేవుడి పాటలు పెడతానండి. వైఫై అమ్మగారే కలుపుకోమన్నారు. మీరా డబ్బా మార్చిన కాడ్నించి వంటింట్లో పాట బాగా వస్తందండి. అమ్మగారి గదిలోకి వస్తే గుండ్రంగా తిరిగి ఆగిపోతంది."

"ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మొదటిరోజే నేను పాడుచేశానన్నారు కదండి. నోరిప్పితే ఇంకేమంటారో అని భయమేసింది."

అప్పుడే గదిలోంచి సన్నగా మాట వినిపించింది. భ్రమరాంబ కళ్ళు మూసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ "లై... టు... వె... య్యి" అంటోంది. స్పీకరుతో కాదు, తనలో తనే.

"వారం రోజుల్నించీ అలా నేర్చుకుంటానే ఉన్నారండి" అంది నూకరత్నం.

తనకు మాటలు నేర్పిన అక్క, తన మాట పట్టుకుని మళ్ళీ మాటలు నేర్చుకుంటోంది. కామేశం గుండె చెరువైంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానని అప్పటికి తెలిసింది. వంటింట్లోకి వెళ్ళాడు. బియ్యం డబ్బా జరిపి, తన చేత్తో పెట్టిన డబ్బాను తన చేత్తోనే తీసి, హాల్లో పాత చోట బిగించాడు. ఐదు నిమిషాలు ఆగి, కలవని లైటును ఫోనులో మళ్ళీ కలిపి, అక్క దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, నీకెలా వస్తే అలాగే పలుకు" అన్నాడు.

భ్రమరాంబ తన ముద్దమాటతోనే "లైటు వెయ్యి" అంది. గది వెలుగుతో నిండింది. ఆవిడ అలవాటుగా "చల్లగా ఉండు తల్లీ" అని, తమ్ముడి వైపు చూసింది. "మరి వాస్తో?"

"ఆగ్నేయంలో పొయ్యి ఉందిగా, అది చాలు" అన్నాడు కామేశం. గ్లాసు నిండా నీళ్ళు పోసి అక్కకి అందించాడు. ఆవిడ చివరి చుక్క దాకా తాగింది.

అప్పుడు లేచి నూకరత్నం ముందు నిలబడ్డాడు. "తప్పు నాదమ్మా. నింద నీ మీద వేశాను. నువ్వు ధైర్యం చేసి చెప్పకపోతే మా అక్క నాకు దక్కేది కాదు. నీ మేలు మర్చిపోను" అన్నాడు. ఆ ఇంట్లో ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదలు.

"అంత మాటెందుకండి" అంటూ నూకరత్నం కొంగుతో కళ్ళొత్తుకుంది.

"చూశావురా," అంది భ్రమరాంబ మంచం మీంచి, "నోరేమీ అరగలేదు."

ప్రతిదానికీ ఎదుటివాళ్ళను నిందించేవాడికి నిజం చెప్పేవాళ్ళు ఉండరు; అందుకే ఏది చెడినా ముందు మన చేతిపనిని చూసుకోవాలి, మన తప్పు చూపించినవాళ్ళకు కృతజ్ఞత చెప్పాలి.