ఉస్తాద్ జీపుకు పొట్టి రాడ్డు

మద్దిలేటికి ఒకటే బాధ. దస్తగిరి తెచ్చిన డబ్బాను ఉస్తాద్ వద్దనలేదు.

వచ్చినప్పటి నుంచి ఆ డబ్బా ఉస్తాద్ మెకానిక్ షెడ్డులో పానాల బల్ల మీదే ఉంది. నల్లటి అట్టపెట్టె, పైన మెరిసే అక్షరాలు. లోపల షార్ట్ షిఫ్టర్. అంటే పొట్టి గేర్ రాడ్డు. అది బిగిస్తే గేరు మార్చడానికి చెయ్యి బారుగా చాచనక్కర్లేదు, మణికట్టు కదిలిస్తే చాలు. కుర్రకారు తమ కార్లకు సరదాగా వేయించుకునే సరుకు అది. దాన్ని డెబ్బై ఏళ్ల ఖాజావలీ ఉస్తాద్ పాత జీపు కోసం నంద్యాల నుంచి మోసుకొచ్చాడు దస్తగిరి. జీపుకు సరిపోవాలని అడుగున వేరే రేకు కూడా వేయించాడు.

కారణం లేకపోలేదు. ఆ చలికాలం ఉస్తాద్ ఎడమ భుజం పట్టేసింది. చెయ్యి చాస్తే ప్రాణం పోయినంత పనయ్యేది. సాయంత్రం పూట జీపు తీసి, నల్లమల ఘాట్ రోడ్డెక్కి, ఒక్కడే ఒక చుట్టు వెళ్లి రావడం ఆయనకు అలవాటు. భార్య పోయాక మిగిలిన అలవాటు అదొక్కటే. భుజంతో పాటు అదీ ఆగిపోయింది. మనిషి అసలే మాటలు తక్కువ. జీపు ఆగాక ఆ ఉన్న నాలుగు మాటలూ ఆగిపోయాయి.

దస్తగిరి, మద్దిలేటి ఇద్దరూ ఆ కొండ మొదట్లోని షెడ్డులో ఉస్తాద్ దగ్గరే పని నేర్చుకున్నారు. నేర్చుకున్నాక దస్తగిరి నంద్యాల వెళ్లి అద్దాల తలుపుల షాపు పెట్టాడు, పెళ్లి చేసుకున్నాడు, కాస్త పొట్ట కూడా పెంచాడు. మద్దిలేటి ఎక్కడికీ వెళ్లలేదు. వెళ్లడానికి అతనికి ఎవరూ లేరు. అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. అన్న ఉన్నాడు గానీ తలుపు తియ్యడు. షెడ్డు వెనక రేకుల గదిలో పడుకుంటాడు. ముప్పై దాటాక కూడా నావాడు అని చెప్పుకోవడానికి అతనికున్నది ఉస్తాద్ ఒక్కడే. ఆ ఒక్కడూ దస్తగిరి డబ్బా అందుకుని "ఉండనీలే" అన్నాడు. ఆ రోజు మద్దిలేటికి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున టీ గ్లాసు అందిస్తూ అడిగాడు.

"ఉస్తాద్, కొన్నది మేలా, చేత్తో చేసింది మేలా?"

"ఏందిరా?"

"అదే, పొట్టి రాడ్డు. దాన్ని కొనేదేంది? నేను చేస్తా. మన జీపు సంగతి నాకు తెలిసినట్టు ఆ కంపెనీ వానికేం తెలుస్తాది?"

ఉస్తాద్ టీ ఊదుకున్నాడు. "చూద్దాంలే" అన్నాడు.

చూద్దాంలే అంటే వద్దని కాదు గదా అనుకున్నాడు మద్దిలేటి. తమకు కావలసిన అర్థం తీసుకోవడంలో శిష్యులు ఎప్పుడూ గట్టివాళ్లే.

భుజం చూపించుకోవడానికి ఉస్తాద్ గిద్దలూరు బస్సెక్కాడు. బస్సు మలుపు తిరగడమే ఆలస్యం, మద్దిలేటి జీపులో దూరి గేర్ రాడ్డు ఊడదీశాడు. కొత్త ఇనుప రాడ్డుతో చేయొచ్చు. షెడ్డులో బోలెడంత ఇనుముంది. కానీ అతనికి ఉస్తాద్ చేతి రాపిడికి నున్నబడిన ఆ రాడ్డుతోనే చేయాలనిపించింది. దస్తగిరిది ఎవడో చేసి డబ్బాలో పెట్టినది. తనది ఉస్తాద్ సొంత రాడ్డు. ఆ ఆలోచనలో ప్రేమ ఉంది, కొంచెం కుళ్లూ ఉంది. రెండూ కలిసినప్పుడు మనిషి చేతులు మహా చురుగ్గా పనిచేస్తాయి.

రాడ్డును బల్లకున్న వైస్ దవడల్లో బిగించి నడిమికి కోశాడు. జానెడు ముక్క తీసేశాడు. మిగిలిన రెండు కొనలూ కలిపి వెల్డింగ్ పెట్టి, ఆకురాయి పట్టి, అతుకు ఎక్కడుందో వేలికి కూడా తెలియనంత నున్నగా చేశాడు. తీసిన ముక్కను షెడ్డు పక్కనున్న తుక్కు కుప్పలోకి విసిరాడు. తిరిగి బిగించి, సీట్లో కూర్చుని గేర్లు వేసి చూసుకున్నాడు. టక్కు టక్కున పడుతున్నాయి. ఎవరూ లేని షెడ్డులో ఒక్కడే గట్టిగా నవ్వాడు.

సాయంత్రం దస్తగిరి కూడా వచ్చాడు, తన డబ్బా సంగతేమైందో చూసిపోదామని. ఉస్తాద్ బస్సు దిగేసరికి ఇద్దరూ జీపుకు చెరోపక్కా నిలబడి ఉన్నారు.

"మీ రాడ్డే ఉస్తాద్. కోసి పొట్టిది చేసినా. ఒకసారి తోలి చూడండి" అన్నాడు మద్దిలేటి.

ఉస్తాద్ రాడ్డు వైపు చాలాసేపు చూశాడు. ఎక్కి, రోడ్డు మీద కొంతదూరం పోయి వచ్చాడు.

"ఇప్పుడు నాది" అన్నాడు దస్తగిరి. చొక్కా చేతులు పైకి మడిచి, చకచకా బోల్టులు విప్పి తన రాడ్డు బిగించాడు. షాపు పెట్టినా చెయ్యి మొద్దుబారలేదని మద్దిలేటి మనసులోనే ఒప్పుకున్నాడు. ఉస్తాద్ మళ్లీ ఎక్కాడు, మళ్లీ అంత దూరమే పోయి వచ్చాడు.

"ఏది మేలు ఉస్తాద్?"

ఆ మాట ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది.

"రెండూ మేలే. భుజానికి పనే లేదు" అన్నాడు ఉస్తాద్.

"అట్లంటే ఎట్ల? ఏదో ఒకటి చెప్పాల గదా!" అన్నాడు దస్తగిరి.

ఉస్తాద్ కొంచెం ఆలోచించాడు. "రెండిట్లోనూ చెయ్యి పోకముందే వెనక్కి వచ్చేస్తాంది" అన్నాడు.

అది మెప్పో, తప్పు పట్టడమో ఇద్దరికీ అంతుపట్టలేదు. ఉస్తాద్ మద్దిలేటి వైపు తిరిగాడు.

"కోసిన ముక్క యాడ పెట్టినావురా?"

"తుక్కులో పారేసినా."

ఉస్తాద్ తల ఊపాడు. కోప్పడలేదు. లోపలికి పోయి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంకా పొద్దుండగా ఆయన పడుకోవడం మద్దిలేటి ఎన్నడూ చూడలేదు.

దస్తగిరి తన రాడ్డు తనే విప్పి, తుడిచి, డబ్బాలో పెట్టుకున్నాడు. వెక్కిరించాలనే అనుకున్నాడేమో, గోడవైపు తిరిగిన ఆ వీపు చూశాక గొంతు తగ్గించాడు.

"నాది నచ్చకపోతే ఇదో, ఇట్ల విప్పి ఇచ్చేస్తే సరిపాయె. ఆయన పాత రాడ్డు ఆయనకుండేది. నువ్వేమో దాన్నే కోసి పెడితివి" అన్నాడు. డబ్బా చంకన పెట్టుకుని మోటారు సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ తరువాతి రోజులు మద్దిలేటికి చాలా కష్టంగా గడిచాయి. ఉస్తాద్ తిట్టి ఉంటే బాగుండేది. తిడితే మనిషి ఎదురుగా ఉన్నట్టు. ఆయన టీ తాగుతున్నాడు, అన్నం తింటున్నాడు, వచ్చిన బండ్ల పని చెబుతున్నాడు. కానీ మద్దిలేటి మొహంలోకి చూడటం లేదు. జీపు వైపు అసలే చూడటం లేదు. ఏం తప్పు చేశాడో మద్దిలేటికి తెలియలేదు. ఇనుప ముక్క కోసం ఇంత దుఃఖం ఎందుకో తెలియలేదు. తెలిసిందల్లా ఒకటే, ఉన్న ఒక్క మనిషినీ తన చేతులతోనే పోగొట్టుకుంటున్నాడు.

చివరికి ఒక పొద్దున తుక్కు కుప్ప ముందు కూర్చుని వెతకడం మొదలుపెట్టాడు. అది షెడ్డు పుట్టినప్పటి నుంచి పేరుకుపోయిన కుప్ప. అరిగిన బేరింగులు, విరిగిన స్ప్రింగు పట్టాలు, పగిలిన సైలెన్సర్లు. తుప్పు పట్టిన రేకులు గీసుకుని చేతుల నిండా నెత్తురైంది. ఎండ నెత్తికెక్కినా లేవలేదు.

పక్కన ఎవరో కూర్చున్నట్టనిపించి తలెత్తాడు. ఉస్తాద్. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో ఇనుప ముక్కలు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతున్నాడు.

"మీరు లేవండి ఉస్తాద్, నేను చూస్తా."

ఉస్తాద్ లేవలేదు. ఇద్దరూ కలిసి వెతికారు. దొరికింది ఉస్తాద్‌కే. లుంగీ అంచుతో తుడిచి, మద్దిలేటి చేతిలో పెట్టాడు.

"అతికించు."

"మళ్లా పొడుగైతే మీ భుజం..."

"అతికించు."

ఈసారి రెండు అతుకులు పెట్టాలి. కోతకు పొడిగా రాలిపోయిన ఇనుమంత వెల్డింగ్‌తో నింపి, రాడ్డును పాత పొడుగుకే తెచ్చాడు మద్దిలేటి. ఆకురాయి పట్టాడు గానీ పాత నునుపు రాలేదు. రెండుచోట్లా కణుపుల్లా ఉబ్బి కనిపిస్తూనే ఉంది. దాన్ని చూసి గర్వపడటానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు. జీపుకు బిగించి పక్కకు తప్పుకున్నాడు.

ఎండ తగ్గాక ఉస్తాద్ వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. "ఎక్కు" అన్నాడు.

మద్దిలేటి పనుల మీద పోయేటప్పటిలాగే వెనక ఎక్కబోయాడు.

"వెనక కాదు. ముందర కూచో."

మద్దిలేటి ఆగిపోయాడు. ఆ ఎడమ సీటు మాబున్నీది, ఉస్తాద్ భార్యది. పిల్లలు లేని ఆ ఇద్దరూ సాయంత్రమైతే ఘాట్ ఎక్కి, పైన గాలికి కాసేపు కూర్చుని వచ్చేవారు. మద్దిలేటికి చిన్నప్పటి నుంచీ అన్నం పెట్టిన చెయ్యి ఆమెది. భార్యాభర్తలు ఇద్దరూ ముచ్చట్లాడుకోగా మాత్రం అతను ఎన్నడూ వినలేదు. అన్నం తింటావా అంటే తింటా, అంతే. ఆమె పోయి రెండు రంజాన్లు దాటాయి. అప్పటి నుంచి ఆ సీట్లో మనిషి కూర్చోలేదు, కనీసం సామాను కూడా పెట్టలేదు.

"కూచోరా" అన్నాడు ఉస్తాద్ మళ్లీ.

కూర్చున్నాడు. ఒళ్లంతా ముడుచుకుని, సీటు చివర.

జీపు కొండ ఎక్కసాగింది. అది పాతకాలపు జీపు, రెండో గేరు పడాలంటే రాడ్డును ఎడమకు నెట్టి బాగా వెనక్కి లాగాలి. మొదటి మలుపు ముందు ఉస్తాద్ క్లచ్ తొక్కి, పళ్లు బిగించి లాగాడు. ఆయన పిడికిలి వచ్చి మద్దిలేటి కుడి మోకాలికి తగిలింది.

మద్దిలేటి గబుక్కున కాలు పక్కకు జరుపుకున్నాడు. ఉస్తాద్ చేతికి అడ్డం రాకూడదు గదా.

రెండో మలుపు దగ్గర ఉస్తాద్ మళ్లీ లాగాడు. మోకాలు అక్కడ లేదు. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"కాలు జరపాకు."

మద్దిలేటి కాలు తెచ్చి మొదటిచోటే పెట్టాడు. తరువాతి మలుపులో పిడికిలి వచ్చి మోకాలికి తగిలింది. నొప్పికి ఉస్తాద్ మొహం వంకర పోయింది. గేరు పడింది. పడ్డాక కూడా ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది.

ఆ పై మలుపులోనూ అంతే. ఘాట్ రోడ్డు నిండా మలుపులే.

మద్దిలేటి ఆ చెయ్యినే చూస్తున్నాడు. నాలుగు మలుపులు దాటాక అడిగాడు.

"అమ్మ ఈడ కూచున్నప్పుడు కూడా..."

"ఊఁ."

"అడ్డమని కాలు జరుపుకునేది కాదా?"

ఉస్తాద్ ఎదురొచ్చిన లారీకి దారిచ్చి, అది దాటిపోయాక అన్నాడు.

"ఇన్నేండ్లలో ఒక్కనాడు కూడా జరపలే."

మద్దిలేటి మొహం బయటికి తిప్పుకున్నాడు. ఏడుపు ఆగలేదు. ఆమె కోసం వచ్చిందో, ఉస్తాద్ కోసం వచ్చిందో, తన కోసం వచ్చిందో అతనికే తెలియదు. తనను అలా తాకిన చెయ్యి ఇన్నేళ్ల బతుకులో ఒక్కటి కూడా గుర్తురాలేదు.

కొండ మీద జీపు ఆపారు. గాలి బాగా వీస్తోంది. కింద అడవి పచ్చగా, ఎక్కడా మనిషి జాడ లేకుండా పరుచుకుని ఉంది. ఉస్తాద్ కుడిచేత్తో ఎడమ భుజం పిసుక్కుంటూ దానివైపే చూస్తూ కూర్చున్నాడు.

"నొస్తాందా ఉస్తాద్?"

"నొస్తాంది."

పొద్దు వాలుతుండగా ఉస్తాద్ దిగి, జీపు చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చి నిలబడ్డాడు. మద్దిలేటికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"నువ్వు తోలు" అన్నాడు ఉస్తాద్.

మద్దిలేటి స్టీరింగ్ వైపుకు జరిగాడు. ఉస్తాద్ ఎక్కి ఆ ఎడమ సీట్లో కూర్చున్నాడు. జీపు మెల్లగా కిందికి కదిలింది. మొదటి మలుపు ముందు మద్దిలేటి క్లచ్ తొక్కి, రాడ్డును ఎడమకు నెట్టి, వెనక్కి లాగాడు. అతని పిడికిలి ఉస్తాద్ మోకాలికి తగిలింది.

ఉస్తాద్ అడవి వైపు చూస్తున్నాడు. కాలు జరపలేదు.