తాబేలు కొలిచిన విసురు

ఆ అడవిలో వాగుకు పడమటి గట్టున జింకలు, కుందేళ్లు, అడవిపందులు, తాబేళ్లు ఉండేవి. తూర్పు గట్టున నక్కలు, దుప్పులు, ముంగిసలు ఉండేవి. ఏడాదంతా ఒకరి గొడవ ఒకరికి పట్టేది కాదు. వాగు తగ్గి మధ్యన ఇసుక తిన్నె తేలిందంటే మాత్రం రెండు గట్లకూ ఒకటే ధ్యాస. ఆ తిన్నె మీద ఏటా ఒకరోజు తాటికాయ ఆట జరిగేది.

ఆట పెద్ద చిక్కుదేమీ కాదు. తిన్నెకు ఆ కొసన ఒక వరస రాళ్లు, ఈ కొసన ఒక వరస రాళ్లు పేరుస్తారు. తాటికాయను అవతలివాళ్ల రాళ్లు దాటిస్తే ఒక గెలుపు. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా ఎవరు ఎక్కువసార్లు దాటిస్తే ఆట వాళ్లది. జట్టుకు ఒక సారథి ఉంటాడు. కాయ ముందు అతని దగ్గరికే వస్తుంది. దాన్ని ఎవరికి, ఎప్పుడు అందించాలో అతనే తేల్చాలి. జట్టు మొత్తానికి ఆట నేర్పేవాడు గురువు.

గెలిచిన గట్టుకు ఆ ఎండాకాలం ఎగువ మడుగు దక్కుతుంది. బండల నీడన ఉన్న లోతైన మడుగు అది, ఎంత ఎండకైనా ఇంకదు. ఓడినవాళ్లు దిగువ గుంటతో సరిపెట్టుకోవాలి. వైశాఖం దాటేసరికి ఆ గుంటలో మిగిలేది బురదే. మొన్నటి ఎండల్లో డిప్పయ్య అనే తాబేలుకు సొంత అన్న ఆ బురదలోనే ఇరుక్కుని, బురద గట్టిపడి, అక్కడే ప్రాణం విడిచాడు.

డిప్పయ్య ఎన్నడూ కాయను ముట్టుకున్నవాడు కాదు. అయినా ఆట గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని గట్టంతా నమ్మేది, అందరికన్నా ముందు అతనే నమ్మేవాడు. వచ్చే ఏడు సారథి ఎవరు, గురువు ఉంటాడా పోతాడా, కుర్ర జింకల్లో ఎవరి కాళ్లలో సత్తువ ఉంది అని వచ్చేపోయే ప్రతివాడినీ ఆపి అడిగేవాడు. జవాబు కూడా తనే చెప్పేవాడు. అన్న పోయాక ఆ ఆరాటం మరీ పెరిగింది.

పడమటి గట్టుకు ఒక అలవాటు ఉంది. ఆట ఓడిన పదిహేనో నాడు అందరూ పెద్ద బండ దగ్గర చేరతారు. గురువును ఉంచాలనేవాళ్లు బండకు ఎడమన, మార్చాలనేవాళ్లు కుడిన నిలబడతారు. ఆ లెక్కన నాలుగేళ్లలో నలుగురు గురువులు మారారు. ఎలుగుబంటి అరిచి నేర్పాడు. కొంగ ఒంటికాలి మీద నిలబెట్టి నేర్పాడు. నెమలి గెలవకముందే గెలిచినవాళ్లలా నడవడం నేర్పాడు. కోతి సోమవారం నేర్పింది మంగళవారం వద్దన్నాడు. గురువు మారినప్పుడల్లా సారథీ మారాడు. ఓటమి మాత్రం మారలేదు.

అయిదోవాడు కొమ్మన్న అనే ముసలి ఎద్దు. అతను వచ్చిన మొదటి నెలంతా జట్టుకు కాయ చూపించనే లేదు. పొద్దున్నే అందరినీ తిన్నె మీద జతగా నడిపించేవాడు. పక్కవాడి అడుగు ఎంతో, అలుపు ఎప్పుడు వస్తుందో తెలిశాకే కాయ అన్నాడు. ముట్టెయ్య అనే కుర్ర అడవిపందిని సారథిని చేశాడు. ముట్టెయ్య ఆట చూడ్డానికి అందంగా ఉండేది కాదు. ముట్టెతో కాయను ఇసుక మీద నెడుతూ, పక్కన ఎవడు ఖాళీగా ఉన్నాడో చూసి వాడి కాళ్ల ముందుకు తోసేవాడు, అంతే. కొమ్మన్న వచ్చిన మొదటి ఏడాది ఆరు గెలుపుల తేడాతో ఓడారు. అయినా ఇంకొక్క ఏడాది చూద్దామని గట్టు అతన్ని ఉంచింది. రెండో ఏడాది ఒక్క గెలుపు తేడాతో ఓడారు.

ఆ ఓటమి జరిగిన మూడో నాడు తూర్పు గట్టు నక్క మెత్తన్న పనిగట్టుకుని వాగు దాటి వచ్చాడు. డిప్పయ్య పక్కన కూర్చుని, ముందు అతని అన్నను తలుచుకుని నిట్టూర్చాడు. తర్వాత తమ ఆటే బాగాలేదని, ఈసారి అదృష్టం కొద్దీ గెలిచామని చెప్పుకొచ్చాడు. చివరికి గొంతు తగ్గించాడు.

"బావా, కొండ వెనక తోకరాజు అని ఒక కొండముచ్చు ఉన్నాడు. కాయను గాల్లోకి విసిరితే కంటికి ఆనదట. అలాంటివాడు మీ పక్కనే ఉండగా ఆ పందిపిల్లతో నేల మీద దొర్లించుకోవడం ఏమిటి?"

డిప్పయ్య మర్నాడే కొండ వెనక్కి బయల్దేరి రెండు రోజులకు చేరాడు. తోకరాజు ఖాళీ మైదానంలో నిలబడి తాటికాయ విసిరాడు. అది సుయ్యిమంటూ వెళ్లి ఎక్కడో పడింది. డిప్పయ్య దగ్గర ఒక మంచి గుణం ఉంది, దేన్నైనా కొలిచి చూస్తాడు. తోకరాజు కాళ్ల దగ్గర మొదలుపెట్టి కాయ పడ్డచోటి దాకా ఒక్కో అడుగూ లెక్కబెట్టాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి తేలింది, నాలుగు వందల పన్నెండు అడుగులు.

రమ్మని అడిగితే తోకరాజు రెండు షరతులు పెట్టాడు. వచ్చిన రోజే తనను సారథిని చెయ్యాలి. తన మేనమామను గురువును చెయ్యాలి.

పదిహేనో నాటికి బండ దగ్గర అందరూ చేరారు. నాలుగు వందల పన్నెండు అడుగుల సంగతి డిప్పయ్య అప్పటికే గట్టంతా చాటేశాడు. తిన్నె నిడివే కొమ్మన్న అడుగులతో మూడు వందలు. అంటే తోకరాజు ఈ కొసన నిలబడి విసిరితే కాయ ఆ కొస రాళ్లు దాటి ఇంకా పోతుందని కుందేళ్లు లెక్క కట్టి గంతులు వేశాయి. ఎద్దు మందకొడి అని, కాలం మారిందని డిప్పయ్య బండెక్కి చెప్పాడు. తాబేలు నోట ఆ మాట విని ముట్టెయ్య ఒక్కడే నవ్వాడు.

కొమ్మన్న నెమరు ఆపి అడిగాడు. "డిప్పయ్యా, ఆ నాలుగు వందల అడుగులు ఎవరివి?"

"అడుగంటే అడుగే కదా గురువుగారూ. అందులో నాది, మీది అని ఉంటుందా?"

"పోనీ, కాయ పడ్డచోట పట్టుకున్నది ఎవరు?"

"అక్కడ ఎవరూ లేరు. ఉంటే పట్టుకునేవాళ్లే."

పదవి పోతుందని ఎద్దు సాకులు వెతుకుతోందని ఒక జింక పక్కనున్న జింకతో అంది. కొమ్మన్నకు అది వినబడింది. తోకరాజును తాను కాదనడం లేదని, వచ్చి ఒక్క ఏడు జట్టుతో నడిస్తే మంచి ఆటగాడవుతాడని మాత్రం చెప్పాడు. ఏడాది ఆగే ఓపిక ఎవరికీ లేదు. ఎడమ పక్కన ముట్టెయ్య, రెండు ముసలి జింకలు నిలబడ్డాయి. మిగతా గట్టంతా కుడి పక్కకు చేరింది.

కొమ్మన్న, ముట్టెయ్యను పోగొట్టుకోవద్దని చెప్పి రేవు వైపు నడిచాడు. రేవులో మెత్తన్న అతని కోసమే కాచుకుని ఉన్నాడు. తూర్పు గట్టుకు వచ్చి ఆట నేర్పమని వంగి అడిగాడు. నేర్పడమే తన పనని, పిలిచినచోట నేర్పుతానని కొమ్మన్న వాగు దాటాడు.

ఆ ఎండాకాలం డిప్పయ్య దిగువ గుంట బురదలో ఉండి కూడా దిగులు పడలేదు. ఇదొక్క ఏడే అని పిల్లలకు చెప్పాడు. వానలు వచ్చాయి, వెళ్లాయి. తిన్నె మళ్లీ తేలింది.

ఆట రోజున డిప్పయ్య తెల్లారకముందే వచ్చి గట్టు మీద ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన ముట్టెయ్య ఉన్నాడు, కొత్త గురువైన తోకరాజు మేనమామ అతన్ని జట్టులోంచి తీసేశాడు. తోకరాజు కాయ అందుకున్నాడు. జింకలన్నీ వెనక్కి చూడకుండా అవతలి రాళ్ల దాకా పరిగెత్తాయి. కాయ పైకి లేచింది, ఎండలో మెరిసింది, ఇరవై బారల దూరంలో తిన్నెకు ఈ మొదట్లోనే దబ్బున పడింది. అక్కడ పడమటివాడు ఒక్కడూ లేడు. నాలుగు దుప్పులు ముందే వచ్చి నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకటి కాయను పక్కదానికి తోసింది, అది ఇంకోదానికి తోసింది. చూస్తుండగానే పడమటి రాళ్లు దాటించేశాయి.

రెండోసారీ అంతే అయింది, మూడోసారీ అంతే. తూర్పు గట్టు ఆట చూస్తుంటే డిప్పయ్యకు ఎక్కడో చూసినట్టే అనిపించింది. వాళ్ల వెనక కొమ్మన్న నెమరు వేస్తూ నిలబడి ఉన్నాడు.

"మనవాళ్లు అంత దూరం ఎందుకు పరిగెడుతున్నారురా?" అని డిప్పయ్య అడిగాడు.

"నాలుగు వందల అడుగులని చెప్పింది నువ్వే కదా మామా," అన్నాడు ముట్టెయ్య. "ఏడాదంతా అక్కడిదాకా పరిగెత్తడమే నేర్చుకున్నారు. తన విసురు ఆట రోజునే చూపిస్తానని తోకరాజు ఒక్కసారీ విసరలేదు. కొత్త గురువు కూడా నీ లెక్కే నమ్మాడు."

డిప్పయ్య తల సగం లోపలికి పోయింది. కాసేపటికి అతను తన ముందుకాలు చాపి చూసుకున్నాడు, తర్వాత ఇసుకలో ముట్టెయ్య గిట్ట గుర్తుల మధ్య ఎడం చూశాడు. ఆ ఒక్క ఎడంలో తన అడుగులు నాలుగు పడతాయి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తూర్పు గట్టువి తొమ్మిది గెలుపులు, పడమటి గట్టుకు ఒక్కటీ లేదు. తోకరాజు, అతని మేనమామ ఎవరికీ చెప్పకుండా కొండ వెనక్కి వెళ్లిపోయారు. కొందరు అప్పుడే బండ వైపు నడవసాగారు. ఎవరిని మార్చాలో వాళ్లకే తెలియదు.

సాయంత్రం డిప్పయ్య పిల్లలను వెంటబెట్టుకుని దిగువ గుంటకు బయల్దేరాడు. ఎగువ మడుగుకు వెళ్తున్న మెత్తన్న దారిలో ఎదురై, ఎండలు జాగ్రత్త బావా అని పలకరించాడు. డిప్పయ్య ఆగాడు.

"మెత్తన్నా, ఒక్క మాట చెప్పు. ఆ తోకరాజు సంగతి నా దాకా ఎందుకు తెచ్చావు?"

"ఇది పోయినేడు అడగాల్సిన మాట," అన్నాడు మెత్తన్న. "గట్టు మీద అందరినీ అన్నీ అడుగుతావు, నన్ను ఇదొక్కటి అడగలేదు. తోకరాజు ఎంత దూరం విసురుతాడో నేనెన్నడూ చూడలేదు బావా. అతనితో మాకు పని లేదు. మాకు కొమ్మన్న కావాలి. చేతిలో పని ఉండగా మేం పిలిస్తే వచ్చేవాడు కాదు. మీరు వెళ్లగొడితే వస్తాడు. ఆ పని మా గట్టువాళ్లు చెయ్యలేరు కదా."

మెత్తన్న మడుగు దారి పట్టాడు. వెనకనుంచి చిన్న తాబేలు, గుంటలో నీళ్లు ఎన్నాళ్లుంటాయని తండ్రిని అడిగింది. డిప్పయ్య కిందికి నడిచాడు.

ఎదుటి పక్షంవాడు మన మేలు కోరి సలహా ఇచ్చాడంటే, అది పాటిస్తే మన దగ్గరనుంచి ఏది పోతుందో ముందు చూసుకోవాలి.